ఎడమ మలుపు దగ్గు

మళ్లీ ఎడమకే తిప్పుతున్నాడు డ్రైవరు, తిప్పనీ, కొండ అన్నాక మలుపులుండవా, మలుపులు వద్దనుకుంటే సముద్రానికే పోయి ఉండాల్సింది, పచ్చగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, శనాదివారాలు హాయిగా గడిచిపోతాయని ఇంటిల్లిపాదినీ బయల్దేరదీసింది నేనే కదా, ఇదిగో వస్తోంది, నెత్తి మీద కమ్మీల అరలో సంచి కదిలింది, జారింది, ఇక తగులుతుంది, దగ్గాలి, ఇప్పుడే దగ్గాలి. దగ్గాను. నా దగ్గూ, పైన టంగుమన్న మోతా ఒకేసారి పడ్డాయి. ఈసారి బాగా కుదిరింది. కిటికీ పక్కన కూర్చున్న మా ఆవిడ తల తిప్పలేదు. అద్దానికి నుదురు ఆనించి బయటికి చూస్తోంది, అక్కడ చెట్ల మీద చెట్లు, ఆ చెట్ల మీద మబ్బు, కొండంతా ఎవరో తడి గుడ్డ పిండి ఆరేసినట్టు ఉంది. ఆ చూపులో ఎంత ఆకలి ఉందో నాకు తెలుసు. తెలిసి చేశాను ఈ పని.

సంచిలో ఉన్నది కుక్కరు. ఈ సంగతి ఈ బస్సులో నాకూ ఆ పైవాడికీ తప్ప ఎవరికీ తెలియదు. నిన్న సాయంత్రం ఆవిడ లోపలి గదిలో నమాజులో ఉన్నప్పుడు వంటింట్లోకి పిల్లిలా వెళ్లి, అరలోంచి దాన్ని దించి, మూత బిగించి, అమ్మ పాత శాలువాలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి, పైన నా నమాజు చాప పరిచి సంచి జిప్పు లాగేశాను. మోగుతుందేమోనని విజిల్ తీసి జేబులో వేసుకున్నాను, అదిప్పుడు గతుకు వచ్చినప్పుడల్లా నా తొడను పొడుస్తోంది, పొడవనీ, నాకు తగిన శాస్తే. కానీ విజిల్ జేబులో ఉంటే, మూత బిగిసి ఉంటే, చుట్టూ శాలువా ఉంటే, ఇక మోగడానికి ఏముంది? నాకు అంతుబట్టడం లేదు. కత్తుల గురించి అడగండి, మొద్దు గురించి అడగండి, ఏ ఎముకను ఎక్కడ కొడితే చితక్కుండా విడిపోతుందో అడగండి, కళ్లు మూసుకుని చెప్తాను. కుక్కరు విషయంలో నాకు తెలిసింది ఒక్కటే, అది ఈల వేస్తే కాసేపటికి అన్నం వస్తుంది.

మాంసం కొట్టు నాది. నాన్న చేతి కింద నేర్చుకున్నాను, డిగ్రీ పాసై వచ్చి మళ్లీ ఆ మొద్దు ముందే నిలబడ్డాను, ఎవరేమన్నా సిగ్గుపడలేదు. వారమంతా ఊరికి కోసి పెట్టేవాడికి ఊరు దాటితే ఒక రోగం పట్టుకుంటుంది. బయట ఎక్కడ పళ్లెం ముందు కూర్చున్నా గొంతులో ముద్ద దిగదు. ఇది కోసిందెవరు, కోసేటప్పుడు అల్లా పేరు తలిచాడా, కత్తి పదునుగా ఉందా, రక్తం పూర్తిగా పోనిచ్చాడా, ఇవన్నీ వరసగా నోటి చివరకు వచ్చి నిలబడతాయి. గోడ మీద హలాల్ అని ఆకుపచ్చ రంగుతో రాసి ఉంటే చాలదా అంటారు. ఎలా చాలుతుంది? నా కొట్టు బోర్డు రాసిన పెయింటర్ మామ ఓసారి నిచ్చెన మీద నుంచే అన్నాడు, అల్లుడూ, నువ్వు చెప్పిన అక్షరం రాస్తాను, నువ్వు చెప్పకపోతే మానేస్తాను, లోపల నువ్వేం కోస్తావో నాకేం తెలుసు, అని. ఆ రోజు నవ్వాను. ఆ తర్వాత ఏ బోర్డు చూసినా నాకు మామే కనిపిస్తాడు, నిచ్చెన మీద, చెవి వెనక కుంచెతో.

అందుకే మా ఇంటి ప్రయాణాలన్నీ వంటింటితో సహా జరిగాయి. స్టవ్వు, కుక్కరు, ఉల్లిపాయలు, నా చేత్తో కోసి మంచుగడ్డల్లో పెట్టిన మాంసం, వాటి వెనకాల మా ఆవిడ. చెరువు చూడ్డానికి వెళ్తే గట్టు మీద వంట. కోట చూడ్డానికి వెళ్తే గోడ నీడన వంట. పోయిన ఏడాది ఈ కొండకే వచ్చాం, లాడ్జి గది బాల్కనీలో ఆవిడ స్టవ్వు వెలిగిస్తే మేనేజరు పరిగెత్తుకొచ్చి నిప్పంటుకుందా అని అడిగాడు, నేను ఆయన్ను కూర్చోబెట్టి భోజనం పెట్టి పంపించాను, ఆ భోజనం వల్ల ఆవిడకు మరో వాయి అన్నం వండాల్సి వచ్చింది. జలపాతానికి నేనూ, అమ్మా, అమ్మాయీ వెళ్లి తిరిగొచ్చేసరికి గిన్నెలు తోముతోంది. అమ్మాయి ఫోనులో ఫొటోలు చూపిస్తే చెయ్యి తుడుచుకుంటూ చూసి, "నేనూ చూశాను, కుళాయిలో," అంది. అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది. ఆ నవ్వు అప్పుడు నాకు మామూలుగానే అనిపించింది, అందులో ఎముక ఉందని తర్వాత గానీ తెలియలేదు.

ఆ తర్వాత అమ్మ పడిపోయింది, తుంటి ఎముక విరిగింది. మంచం మీద నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి కర్రకు, కర్ర నుంచి గడప దాకా అమ్మను నడిపించిన చెయ్యి మా ఆవిడది. నేను కొట్టు నుంచి వచ్చి, "ఎలా ఉందమ్మా," అని అడిగే కొడుకుని. అమ్మ మొదటిసారి వీధి చివరిదాకా నడిచి వచ్చిన రోజున మంచం మీద కూర్చుని, "ఒరేయ్, ఈ పిల్లకు గాలి మార్పు కావాలి. నాక్కాదు, దీనికి," అంది. సరే, కొండకెళ్దాం అన్నాను. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చాలా నెమ్మదిగా, అమ్మ వైపు చూస్తూ అంది, "వస్తాను అత్తయ్యా. కానీ సామాన్లలో ఒక్క గిన్నె కనపడినా, ఒక్క గరిట కనపడినా, దిగిన బస్సే మళ్లీ ఎక్కేస్తాను." నా వైపు చూడకుండా అంది చూడండి, అదీ అసలు సంగతి. అన్నంత పనీ చేసే మనిషి. పుట్టింటి పెళ్లిలో ఎవరో ఒక మాట అన్నారని పళ్లెం ముందు నుంచి లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా బస్సెక్కి ఇంటికొచ్చేసింది. ఇవాళ కూడా అదే జరిగితే అమ్మ ముఖం ఎలా చూడను, అసలు ఆవిడ ఇంకెప్పుడైనా నాతో గడప దాటుతుందా? మాటిచ్చాను. అమ్మ మీద ఒట్టు, గిన్నె ముట్టను అన్నాను. కుక్కరు గిన్నె కిందకి వస్తుందా, రాదా? నిన్న సాయంత్రం దీని మీద చాలాసేపు ఆలోచించాను.

ఇదిగో, మళ్లీ ఎడమ. దగ్గు. టంగు. కొంచెం ముందు దగ్గాను, మోత విడిగా వినబడింది. మా ముందు సీట్లో అమ్మ పక్కన కూర్చున్న మా అమ్మాయి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. కాలేజీ పిల్ల, దాని కళ్లు దానికి వాళ్లమ్మే ఇచ్చింది. "ఏంటి నాన్నా, జలుబా?" "కొండ గాలమ్మా, పడదు నాకు." "గాలి అందరికీ ఒకటేగా." మా ఆవిడ చేతిసంచిలోంచి దగ్గు బిళ్ల తీసి, కాగితం విప్పి, బయటికే చూస్తూ నా అరచేతిలో పెట్టింది. నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉంది, పాపం కూడా మొదట్లో ఇలాగే ఉంటుందేమో.

నేను ఈసారి ప్లాను వేయలేదనుకునేరు. వేశాను, ఒళ్లొంచి వేశాను. అమ్మాయి ఫోనులో చూసి చెప్పింది, నాన్నా, మనకు కావాల్సిన దాన్ని హలాల్ ఫ్రెండ్లీ అంటారు, అని. ఫ్రెండ్లీ అంటే ఏంటే, స్నేహంగా నవ్వితే సరిపోతుందా, కోసిందెవరని అడగక్కర్లేదా అన్నాను. వాళ్లమ్మ ఉల్లిపాయ తరుగుతూ, "అడక్కపోవడమే ఫ్రెండ్లీ," అంది. పోయినసారి దిగిన లాడ్జికే ఫోను చేశాను. మీ దగ్గర హలాల్ ఉంటుందా అండీ? ఉంటుందండీ, అన్నీ ఉంటాయి, వేడినీళ్లు కూడా పొద్దున్నే వస్తాయి. నమాజు చేసుకోవడానికి చోటుంటుందా? మీ గదండీ, మీ ఇష్టం, గోడకు మేకులు మాత్రం కొట్టకండి. అమ్మాయి పక్కనుంచి గిల్లుతోంది, ఈత కొలను గురించి అడగమని, ఆడవాళ్లకు విడిగా సమయం ఉందా అని. ఆయన కాసేపు ఆలోచించి, "ఎవరూ లేనప్పుడు దిగితే అదే ఆడవాళ్ల సమయం కదండీ," అన్నాడు. మనిషి ఫ్రెండ్లీయే, అందులో అనుమానం లేదు. మరి పొయ్యి మీద ఉన్నది?

దాని కోసం కొండ మీది కొట్టాయనకు చేశాను. ఆయనా నాలాంటివాడే, మాంసం కొట్టు, గొర్రెల సంతలో చాలా ఏళ్లుగా ఎదురుపడుతుంటాం, గొర్రె వెన్ను తడిమే తీరు చూస్తేనే తెలుస్తుంది మనిషి పనిమంతుడని. భాయ్, మీ ఊళ్లో కుటుంబంతో కూర్చుని నమ్మకంగా తినే చోటేదైనా ఉందా అన్నాను. ఎందుకు లేదు, బస్టాండు మెట్లెక్కితే పైన భోజనం హోటలుంది, ముసలాయనా ఆయన కోడలూ నడుపుతారు, అక్కడికెళ్లే మాంసం నాదే, నా చేత్తో కోసిందే, అన్నాడు. నేను అల్హమ్‌దులిల్లా అనాలి, అల్లాకు కృతజ్ఞత చెప్పేసి ఫోను పెట్టేయాలి. అనలేదు. ఒక్క క్షణమే, కానీ ఫోనులో క్షణం ఎంత పొడుగుంటుందో మీకు తెలుసు. అవతల ఆయన గలగలా నవ్వాడు. "నాకు తెలుసు భాయ్. నీ ఊరొచ్చినప్పుడల్లా నేను తినేది కోడిగుడ్లే. అవైతే ఎవరూ కోయక్కర్లేదు కదా." ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. నవ్వు అయిపోయాక అసలు సంగతి తట్టింది. ఇన్నేళ్లుగా సంతలో నా భుజం మీద చెయ్యి వేసి మాట్లాడే మనిషి, నా ఊళ్లో నా కొట్టు ముందు నుంచి నడిచి వెళ్లి గుడ్లు తిన్నాడు.

కుడి మలుపు. కుడి మలుపుల్లో ఏ గొడవా లేదు, సంచి ఇటు జారి అమ్మ బట్టల మూట మీద మెత్తగా పడుతుంది, కుడి మలుపుల్లో నేను నిజాయితీపరుడిని. "నానమ్మా, చూశావా," ముందు సీట్లో అమ్మాయి గొంతు, రహస్యంగా చెప్తున్నట్టే ఉంది కానీ బస్సంతా వినేలా, "నాన్నకు ఎడమ మలుపులకే దగ్గు వస్తోంది." అమ్మ వెనక్కి తిరగలేదు. "చిన్నప్పుడూ అంతే, వాడికి బడి రోజుల్లోనే కడుపు నొప్పి వచ్చేది." పక్క వరసలో ఒకాయన పేపరు కిందికి దించాడు. ఇక చేసేదేముంది, తర్వాతి కుడి మలుపుకూ దగ్గాను. ఏ మోతా లేదు, ఊరికే, న్యాయం కోసం. ఆ తర్వాత ఎడమకు, మళ్లీ కుడికి, మధ్యలో తిన్నగా ఉన్న రోడ్డు మీద కూడా ఒకటి, అనుమానం రాకుండా. దగ్గి దగ్గి నిజంగానే గొంతు గీరుకుపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. కండక్టరు వచ్చి, "ఏమండీ, ఆపించమంటారా, కాసేపు కిందకి దిగుతారా," అన్నాడు. వద్దని చేత్తోనే సైగ చేశాను. మా ఆవిడ ఇంకో బిళ్ల ఇచ్చింది. ఈసారి కాగితం విప్పలేదు.

మబ్బు రోడ్డు మీదికి దిగింది. డ్రైవరు లైట్లు వేశాడు. చెట్ల కొమ్మలు అద్దాలకు తగిలి చప్పుడు చేస్తున్నాయి, ఆ చప్పుడులో మిగతావన్నీ కలిసిపోతే ఎంత బావుణ్ను. అమ్మాయి ఫోనులో ఖిబ్లా, అంటే నమాజుకు నిలబడాల్సిన దిక్కు, చూపించే ముల్లు తెరిచి నానమ్మకు చూపిస్తోంది, అది ఒక మలుపులో డ్రైవరును చూపిస్తే ఇంకో మలుపులో వెనక సీటు కోళ్ల గంపను చూపిస్తోంది. అమ్మ ఓపిగ్గా చూసి, "దిగాక అడుగుదాం లేవే ఎవరినైనా," అంది. "ఎవరినో ఎందుకు నానమ్మా, ఇది కచ్చితంగా చెప్తుంది." "ఎవరినైనా అడిగితే చెప్తారు. చెప్పింది నమ్మి నిలబడితే సరి. నా జన్మంతా అలాగే నిలబడ్డాను." ఇక్కడ ఆగి, గొంతు ఏమాత్రం మార్చకుండా, నాకే అని తెలిసేలా, "మీ నాన్న కొట్టుకు అంతమంది వస్తారు, ఒక్కరైనా కౌంటరు దాటి లోపలికొచ్చి కత్తి చూపించమన్నారా?" అంది.

అనలేదు. ఎవ్వరూ అనలేదు. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు. చంకలో పిల్లనెత్తుకుని వచ్చే ఇల్లాలు, పిల్ల ఏడుస్తుంటే సగం మాటలో చెప్పి వెళ్లిపోతుంది. హజ్ చేసొచ్చిన టీచరుగారు, ప్రతి విషయానికీ రుజువు అడిగే మనిషి, నా ముందు మాత్రం మెత్తటి ముక్కలు వెయ్యి అని తప్ప ఇంకో మాట అడగలేదు. వాళ్లందరూ ఇంటికెళ్లి, వండుకుని, బిస్మిల్లా అని అల్లా పేరు తలిచి నోట్లో పెట్టుకుంటారు, వాళ్ల బిస్మిల్లా కింద కోసేటప్పుడు నేనన్న బిస్మిల్లా ఉందని నమ్మి. నా గోడ మీద ఏముంది? పెయింటర్ మామ రాసిన ఆకుపచ్చ అక్షరం, వానకు కాస్త కారింది కూడా. అంతే కదా నా దగ్గరున్న సాక్ష్యం. మరి మొదట్లో హోటళ్లకు వెళ్లినప్పుడు నేను అందరి పొయ్యిల దగ్గరకూ దూరి మూతలెత్తి చూశానే, ఒక వంటవాడు గరిటె పట్టుకుని వీధి చివరిదాకా తరిమాడే, ఆ రోజు అందరం రొట్టే అరటిపండూ తిన్నామే, దాన్ని నేను భక్తి అనుకున్నానే.

బస్సు గేరు మార్చింది. ఇక చివరి ఎత్తు. సంచిని ఏం చెయ్యాలి? బస్సులోనే మర్చిపోతే? కండక్టరు పరిగెత్తుకొచ్చి ఇస్తాడు, మంచివాడు. లాడ్జి మేనేజరుకు బహుమతిగా ఇచ్చేస్తే? ఆయన పోయిన ఏడాది తిన్న భోజనం గుర్తొచ్చి అందులోనే మళ్లీ వండమంటాడు. నిజం చెప్పేస్తే? ఆవిడ వినగానే లేచి నిలబడుతుంది, ఇదే బస్సు ఇంకో గంటలో కిందకి వెళ్తుంది, అమ్మ మెట్ల దగ్గర కర్ర పట్టుకుని నిలబడి చూస్తుంది. ఆవిడ వైపు చూశాను. మబ్బు విడిపోయిన చోట లోయ కనిపించింది, ఇళ్లు పచ్చదనంలో గుచ్చిన గుండీల్లా ఉన్నాయి. అద్దం మీద ఆవిడ ఊపిరి పట్టింది, చిటికెన వేలితో తుడుచుకుని మళ్లీ చూస్తోంది. ఇన్నాళ్లుగా నేను తీసుకెళ్లిన ఏ ఊళ్లోనూ ఆవిడ ఇలా కిటికీ దగ్గర కూర్చుని చూడలేదు, ఒళ్లో మంచుగడ్డల డబ్బా ఉండేది.

బస్టాండు. ఆగిన వెంటనే లేచాను, అందరికన్నా ముందు లేచాను, కానీ అమ్మకు చెయ్యి అందించాల్సి వచ్చింది, అమ్మను దింపి వెనక్కి తిరిగేసరికి మా ఆవిడ మెట్ల మీద ఉంది, భుజాన ఆ సంచి ఉంది. కిందకి దిగి, సంచి నా చేతికిచ్చి, కొంగు సర్దుకుంది. "మీ నమాజు చాప బరువెక్కిందే," అంది. "ఇంత దూరం మోశారు, ఇంకాస్త మోయండి. పనికైతే రాదు. రబ్బరు ఇంట్లో మేకుకు వేలాడుతోంది." రబ్బరా? "మూతలో ఉండేది. రాత్రే తీసేశాను. అది లేకపోతే ఆవిరి నిలవదు, అన్నం ఉడకదు. మూత కూడా వదులై టంగుటంగుమంటుంది." దారి పొడుగునా నేను దగ్గింది దేనికో, ఆ మోతను అక్కడ పెట్టిందెవరో అప్పుడు తెలిసింది. తెలిసి తెలిసి ఒక్కో బిళ్లా ఇచ్చింది. "మరి బస్సెక్కేస్తానన్నావు," అన్నాను, గొంతు నిజంగానే బొంగురుపోయింది. "గిన్నె కనపడితే అన్నాను. నాకేం కనపడింది? శాలువా కనపడింది." మెట్ల వైపు చూసింది. "పదండి, ఆకలేస్తోంది. ఇంకొకళ్లు వండింది తినాలి నేను."

హోటలు చిన్నదే, కిటికీ పెద్దది. ముసలాయన నీళ్ల గ్లాసులు పెట్టాడు, కోడలు పళ్లేలు తెచ్చింది, ఆవిరి పైకి లేస్తోంది, కూరలో ముక్కలు కనిపించాయి. ఎముక దగ్గర విడదీసిన తీరు చూశాను, పనిమంతుడి చెయ్యే. తెలిసినా సరే, ఆ ప్రశ్న లేచింది, వరసగా వచ్చి నోటి చివర నిలబడింది. ముసలాయన వైపు తిరిగి గొంతు సవరించుకున్నాను. మా అమ్మాయి ముద్ద కలుపుతూనే, "నాన్నా, ఇక్కడ మలుపేం లేదుగా," అంది. అమ్మకు పొలమారింది. మా ఆవిడ నవ్వలేదు, అసలు వినలేదేమో, మాకంటే ముందే మొదలుపెట్టేసింది, కిటికీలోంచి కొండను చూస్తూ, వేళ్లు కాలుతున్నా ఆగకుండా, వేడి వేడిగా. ప్రయాణంలో ఆవిడ వేడన్నం తినడం నేను చూడటం అదే మొదలు. బిస్మిల్లా అన్నాను. కొండ మీది కొట్టాయన కోసేటప్పుడు అన్నదానికి నాదీ కలిపి అన్నాను. ముద్ద దిగింది.

"ఇంకొంచెం పెట్టమనండి," అంది మా ఆవిడ. పెట్టమన్నాను. బల్ల కింద ఏదో కదిలి టంగుమంది. దగ్గబోయి ఆగి, వంగి చూశాను. కుర్చీ ఎత్తుగా ఉంది కదా, నొప్పి కాలు వేలాడకుండా అమ్మ నా సంచిని దగ్గరికి లాక్కుని దాని మీద పాదం ఆనించుకుంది. "సరిగ్గా సరిపోయిందిరా," అంది, "రేపు జలపాతం దగ్గరికి కూడా పట్రా."